తొలి స్కాను కథ



తళవాయిపురం నుంచో, పక్కనున్న ముగవూరు, చెట్టియార్‌పట్టిల నుంచో రాజపాళయానికి మొదటి స్కానుకు బయలుదేరే అమ్మాయి చేతిసంచిలో రెండు వస్తువులు తప్పకుండా ఉంటాయి. ఒకటి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ. రెండోది లీటరు నీళ్ళ సీసా. "నీళ్ళు బాగా తాగి రామ్మా, ఒంటికి మాత్రం వెళ్ళకు" అని చెప్పి పంపిస్తారు. బస్సు కుదుపులకు ఆ పిల్ల పడే అవస్థ చూసి వెంట వచ్చిన అత్తగారు, "మేమూ కన్నాం పిల్లల్ని, ఈ నీళ్ళ వైద్యం ఎక్కడా వినలేదు" అనడం కూడా మామూలే. అత్తగారి మాటలో తప్పు లేదు. ఆమె కాన్పుల నాటికి ఈ యంత్రం మన వైపు పల్లెల దరిదాపులకు రాలేదు. కానీ ఆ నీళ్ళ సీసా వెనక ఒక కథ ఉంది. మొదటి మూడు నెలల స్కానులో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు, ఏ మాట వింటే తొందరపడాలి, ఏ మాట వింటే ఓపిక పట్టాలి అన్న సంగతులన్నీ ఆ కథలోనే ఉన్నాయి. ఈ పూట దాన్ని చెప్పుకుందాం.

మన భాషలో "నెల తప్పింది" అంటాం. ఎంత జాగ్రత్తగా అన్న మాటో గమనించండి. గర్భం వచ్చింది అనడం లేదు, రావలసింది రాలేదు అంటున్నాం. పూర్వం అంతకు మించి తెలిసే దారి లేదు మరి. ఆ తరవాత వేవిళ్ళు, పులుపు మీద మనసు, మంత్రసాని చెయ్యి వేసి చూడడం. ఐదో నెలలో బిడ్డ కదిలితే అప్పటికి నమ్మకం కుదిరేది.

పెద్ద చదువులు చదివిన వైద్యులకు కూడా చాలాకాలం ఇంతకంటె ఎక్కువ తెలియదు. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెన్నెక్ స్టెతస్కోపును కనిపెట్టాడు. ఐదేళ్ళ తరవాత, 1821లో, కెర్గరాడెక్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు ఆ గొట్టాన్ని గర్భిణి పొట్ట మీద పెట్టాడు. లోపల ఉమ్మనీరు చప్పుడు వినిపిస్తుందేమోనని ఆయన ఆశ. వినిపించింది మాత్రం తల్లి నాడికంటె చాలా వేగంగా కొట్టుకుంటున్న ఇంకో గుండె. 1895లో పినార్డ్ అనే ప్రసూతి వైద్యుడు దానికోసమే చిన్న బూరలాంటి గొట్టం చేయించాడు. పాత నర్సమ్మల సంచుల్లో ఆ బూరను చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. కానీ అదీ ఐదో నెల వచ్చేదాకా ఉపయోగపడదు.

తొలి వారాల సంగతి తేల్చడానికి జంతువులు అవసరమయ్యాయి. 1920ల చివర్లో జర్మనీలో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు, గర్భిణి మూత్రాన్ని చిట్టెలుకలకు సూదిమందుగా ఎక్కించి, వాటి అండాశయాల్లో వచ్చే మార్పు చూసి చెప్పేవారు. ఆ తరవాత కుందేళ్ళ వంతు వచ్చింది. ఆ తరవాత ఆఫ్రికా కప్పల వంతు. కప్ప గుడ్లు పెడితే ఆమె గర్భవతి! నవ్వు రావచ్చు గానీ, ఎన్నో ఏళ్ళు ఆసుపత్రులు ఆ కప్పల మీదే ఆధారపడ్డాయి. 1960లో స్వీడన్‌లో జంతువుల అవసరం లేని పరీక్ష వచ్చింది. ఈనాడు మందుల షాపులో మీరు కొనే చిన్న పట్టీ పరీక్ష ఆ వంశంలోదే.

అయితే ఎలుక గానీ, కప్ప గానీ, పట్టీ గానీ చెప్పేది ఒకే ఒక్క మాట: గర్భం ఉంది, లేదా లేదు. ఎక్కడుంది? ప్రాణం ఉందా? ఒకటా, రెండా? ఎన్ని వారాలది? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు లేదు. ఎక్స్‌రేలు తీసి చూద్దామనుకున్నారు. తొలి నెలల్లో ఎముక ఏర్పడదు కనుక దాంట్లో ఏమీ కనిపించదు. పెద్దనెలల్లో మాత్రం కవలల కోసమూ, కటివలయం కొలతల కోసమూ ఎక్స్‌రేలు తీసేవారు. ఇంగ్లండులో ఆలిస్ స్టూవర్ట్ అనే వైద్యురాలు కేన్సరుతో చనిపోయిన పసిపిల్లల తల్లులను వెతికి పట్టుకొని, గర్భంతో ఉన్నప్పుడు ఏమేం జరిగిందో అడిగించింది. వాళ్ళలో ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళ సంఖ్య ఎక్కువని 1956లోనూ, ఇంకా వివరంగా 1958లోనూ ప్రకటించింది. చాలామంది పెద్ద డాక్టర్లు వెంటనే నమ్మలేదు. ఆమె మాట నిలబడడానికి ఏళ్ళు పట్టింది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో మన కథానాయకుడు పని చేస్తున్నాడు. పేరు ఇయాన్ డోనాల్డ్. అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్ర ఆచార్యుడు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేసినవాడు కనుక రాడారు, సోనారు లాంటి యంత్రాలతో పరిచయం ఉంది. సోనారు అంటే, నీటిలోకి శబ్దం పంపి, అది దేన్నయినా తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి అక్కడ ఏముందో కనిపెట్టడం. 1912లో టైటానిక్ ఓడ మునిగిన తరవాత మంచుగడ్డలను పసిగట్టడానికి ఈ ఆలోచన మొలకెత్తింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం ముదిరింది. తరవాత కర్మాగారాల్లోకి వచ్చి, ఇనుములో కంటికి కనిపించని పగుళ్ళు పట్టడానికి పనికొచ్చింది. మనిషి చెవికి వినిపించనంత సన్నని శబ్దం కాబట్టి దానికి అల్ట్రాసౌండ్ అని పేరు.

గ్లాస్గో దగ్గర రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే పెద్ద కంపెనీ ఉండేది. బాయిలరు అంటే ఏమిటో మిల్లుల్లో పనిచేసిన పెద్దవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. అతుకులో వెంట్రుకంత పగులున్నా ప్రమాదమే. అందుకని అక్కడ శబ్దంతో పగుళ్ళు వెతికే యంత్రం ఉంది. 1955 జులై 21న డోనాల్డ్ రెండు కార్లలో ఆ కర్మాగారానికి వెళ్ళాడు. కార్ల నిండా సీసాలు. సీసాల్లో, ఆపరేషన్లలో తీసిన గడ్డలు, నీటితిత్తులు. ఇనుముకు పెట్టే యంత్రాన్ని వాటికి పెట్టి చూశాడు. గట్టిగడ్డ ఒక రకంగా ప్రతిధ్వనించింది, నీటితిత్తి ఇంకో రకంగా. ఆయనకు కావలసింది అదే.

కర్మాగారపు వస్తువు ఆసుపత్రికి రావడం మన వాళ్ళకు కొత్త కాదు. సత్తిరపట్టి మగ్గాల మీద నేసిన బ్యాండేజి బట్ట ఎన్ని ఆపరేషను గదుల్లో ఉందో లెక్కలేదు. మగ్గానికి రోగం తెలియదు, బాయిలరు కంపెనీకి గర్భం తెలియదు. తెలిసినవాడొకడు మధ్యలో నిలబడాలి, అంతే.

టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఈ సంగతి విని డోనాల్డ్‌కు తానే ఫోను చేశాడు. జాన్ మెక్‌వికార్ అనే వైద్యుడు కూడా చేయి కలిపాడు. మొదట్లో తోటివాళ్ళు వీళ్ళను చూసి నవ్వుకున్నారు. అప్పుడొక రోగి వచ్చింది. పొట్ట ఉబ్బిపోయి, మనిషి చిక్కిపోయి, ఇక నయంకాని కడుపు కేన్సరు అని తేల్చేసిన స్త్రీ. వీళ్ళ యంత్రం పెట్టి చూస్తే లోపల ఉన్నది పెద్ద నీటితిత్తి అని కనిపించింది. ఆపరేషను చేసి తీసేశారు, ఆమె బతికింది. నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు. 1958 జూన్ 7న లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ ముగ్గురి వ్యాసం వచ్చింది. ఈనాటి స్కాను సెంటర్లన్నీ ఆ వ్యాసం పిల్లలే.

ఇప్పుడు నీళ్ళ సీసా దగ్గరికి వద్దాం. తొలి వారాల్లో గర్భసంచి చిన్నది. కటి ఎముకల వెనక, పేగుల చాటున దాక్కుని ఉంటుంది. పేగుల్లో గాలి ఉంటుంది. ఈ శబ్దం గాలిని దాటలేదు. పొట్ట మీద జెల్లు పూసేది కూడా యంత్రానికీ చర్మానికీ మధ్య గాలి లేకుండా చేయడానికే. 1960ల మొదట్లో డోనాల్డ్ బృందం ఒక సంగతి గమనించింది. మూత్రాశయం నిండుగా ఉంటే అది పేగులను పక్కకు నెట్టి, గర్భసంచిని పైకెత్తి, నడుమ ఒక నీటి కిటికీలా నిలుస్తుంది. ఆ కిటికీలోంచి ఆరేడు వారాల గర్భం కూడా కనిపించింది. ఆ అమ్మాయి బస్సులో పడే అవస్థ ఈ కిటికీ కోసమేనన్నమాట. మోతాదు మించనక్కర్లేదు. నొప్పి పుట్టేదాకా బిగబట్టమని ఏ డాక్టరూ చెప్పరు.

ఆ తరవాతి పెద్ద అడుగూ గ్లాస్గోలోనే. హ్యూ రాబిన్సన్ అనే వైద్యుడు 1972లో తొలి మూడు నెలల్లోనే పిండం గుండె కదలికను యంత్రంతో పట్టి చూపాడు. మరుసటేడు, 1973లో, ఇంకా ఉపయోగపడే పని చేశాడు. పిండాన్ని నడినెత్తి నుంచి పిరుదుల దాకా కొలిచి, ఆ పొడవును బట్టి గర్భం వయసు చెప్పవచ్చని చూపాడు. మీ స్కాను కాగితం మీద సి.ఆర్.ఎల్. అని ఉండే కొలత అదే. తొలి నెలల్లో పిల్లలందరూ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతారు. అందుకే ఆ కొలతతో చెప్పిన తేదీలో తేడా వస్తే నాలుగైదు రోజులే. తల్లి పొడవో పొట్టో, తండ్రి లావో సన్నమో, ఆ తేడాలన్నీ తరవాతి నెలల్లో కనిపిస్తాయి. ఎనిమిదో నెలలో తీసిన స్కాను తేదీని అంత గట్టిగా చెప్పలేదు.

మరి మీరు వెళ్ళినప్పుడు ఏం చూస్తారు? ముందుగా లెక్క సంగతి. డాక్టర్లు వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. వాళ్ళు ఆరు వారాలంటే లోపల గర్భం వయసు నాలుగు వారాలే. ఈ తిరకాసు తెలియక ఇళ్ళల్లో ఎన్ని అపార్థాలు వచ్చాయో! మగవాళ్ళు కూడా వింటుంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఐదు వారాల ప్రాంతంలో గర్భసంచి లోపల నల్లటి చిన్న నీటి తిత్తి ఒకటి కనిపిస్తుంది, అంతే. అది పిండపు సంచి. ఐదున్నరకు దాంట్లో తెల్లని ఉంగరంలాంటి సొనసంచి. ఆరు వారాలకు ఆ ఉంగరం పక్కన బియ్యపు గింజకంటె చిన్న పిండం, దాంట్లో మిణుకుమిణుకుమంటూ గుండె. మొదట నిమిషానికి 100 పైచిలుకు కొట్టుకుంటుంది. తొమ్మిదో వారానికి 170 దాకా పోతుంది. తరవాత నెమ్మదిస్తుంది. ఎనిమిది వారాలకు పిండం ఒకటిన్నర సెంటీమీటరు, పన్నెండు వారాలకు ఐదున్నర. అప్పటికి చేతులు, కాళ్ళు, తల, పొట్ట తెలుస్తాయి. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య తీసే స్కానులో మెడ వెనక ఉండే సన్నని నీటిపొరను కూడా కొలుస్తారు. 1992లో లండనులో నికొలైడెస్ బృందం ఆ పొర మందంగా ఉంటే డౌన్ సిండ్రోమ్ లాంటి జన్యు దోషాల అవకాశం ఎక్కువని చూపింది. అవకాశం అంటున్నాను, నిర్ధారణ అనడం లేదు. పొర మందంగా ఉన్నా ఆరోగ్యంగా పుట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంకో పరీక్ష చేయించమంటారు, అంతే.

ఇక్కడ పొట్ట మీద పెట్టే స్కానుకూ, లోపలినుంచి చేసే స్కానుకూ తేడా చెప్పాలి. ఆరేడు వారాల లోపు అయితే సన్నని ప్రోబును యోనిమార్గంలో పెట్టి చూస్తామని చెప్పవచ్చు. వియన్నాలో 1960ల చివర్లో మొదలై 1980ల్లో లోకమంతా వ్యాపించిన పద్ధతి ఇది. దగ్గరనుంచి చూస్తుంది కనుక వారం ముందుగానే స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి, నీళ్ళ సీసా పని లేదు. కడుపు పోతుందేమోనని భయపడతారు. పోదు. ప్రోబు గర్భసంచి దాకా వెళ్ళదు. సిగ్గు సంగతి వేరు. గదిలో ఆడమనిషి ఉండాలని అడగండి, అడగడం మీ హక్కు. మన తళవాయిపురం నైటీలు ఊరూరా పోతున్నాయి కదా, అలాంటి వదులైన బట్ట వేసుకుని వెళ్తే సగం ఇబ్బంది అక్కడే తీరిపోతుంది.

అసలు చెప్పదలచుకున్న మాటకు ఇప్పుడు వస్తున్నాను. ఆరో వారంలో వెళ్ళిన అమ్మాయికి, "సంచి ఉంది గానీ గుండె కనిపించలేదు" అని చెబుతారు. ఇంటికి వచ్చేలోపే ఏడుపు. ఇంట్లో ఎవరో, "పోయినదాన్ని ఎందుకు మోయాలి, శుభ్రం చేయించేయండి" అంటారు. ఇక్కడే ఆగాలి. చాలామందికి నెలసరి తేదీ సరిగా గుర్తుండదు. కొందరికి అండం ఆలస్యంగా విడుదలవుతుంది. ఆరు వారాలనుకున్నది నిజంగా ఐదే కావచ్చు. అప్పుడు గుండె కనిపించకపోవడమే న్యాయం.

ఈ విషయంలో డాక్టర్లు కూడా కష్టపడే నేర్చుకున్నారు. పిండపు సంచి ఇన్ని మిల్లీమీటర్లు ఉండి లోపల ఏమీ లేకపోతే గర్భం నిలవనట్టే అని ఒక హద్దు ఉండేది. కొన్నిచోట్ల 16 మిల్లీమీటర్లు, ఇంగ్లండులో 20. 2011లో లండనులో టామ్ బోర్న్ మొదలైనవాళ్ళు వందలమంది గర్భిణులను పరీక్షించి, ఆ హద్దుల దగ్గర తీర్పు చెప్తే నిలిచే గర్భాలను కూడా పోయాయని పొరబడే ప్రమాదం ఉందని చూపించారు. దాంతో హద్దులు మార్చారు. సంచి 25 మిల్లీమీటర్లు ఉండి లోపల పిండం లేకపోతేనే, లేదా పిండం 7 మిల్లీమీటర్లు ఉండి గుండె లేకపోతేనే ఆ మాట అనాలన్నారు. 2013లో అమెరికా నిపుణులూ ఇదే హద్దు పెట్టుకున్నారు. అంతకు లోపల అయితే వారం నుంచి రెండు వారాలు ఆగి మళ్ళీ చూడాలి. కనుక గుండె లేదు అని విన్నప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఇది: "డాక్టరమ్మా, సంచి ఎన్ని మిల్లీమీటర్లు, బిడ్డ ఎన్ని మిల్లీమీటర్లు, మళ్ళీ ఎప్పుడు చూద్దాం?" మంచి డాక్టరెవరూ ఈ ప్రశ్నకు కోప్పడరు. రెండోసారి చూసినా గుండె లేకపోవచ్చు. తొలి వారాల్లో పోయే గర్భాలు తక్కువేమీ కాదు. వాటిలో ఎక్కువ భాగం పిండంలోని లోపం వల్లనే గాని, తల్లి బిందె మోసినందువల్లో, కుట్టుమిషను తొక్కినందువల్లో కాదు. ఆ నింద మాత్రం ఎవరూ వేయకూడదు.

ఆగకూడని సందర్భం ఒకటుంది. పరీక్షలో గర్భం ఉందని వచ్చింది, స్కానులో గర్భసంచి ఖాళీ. అలాంటప్పుడు గర్భం అండవాహికలో నిలిచిందేమో చూడాలి. నూటికి ఒకరిద్దరికి ఇలా జరుగుతుంది. ఆ గొట్టం పగిలితే లోపలే రక్తం పోతుంది. 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ అనే శస్త్రవైద్యుడు పగిలిన గొట్టం తీసి ఒక స్త్రీని బతికించేదాకా ఇది ఇంచుమించు మరణశాసనమే. ఈ రోజుల్లో తొలి స్కాను వల్ల పగలకముందే పట్టుకుని, కొందరికి మందుతోనే నయం చేస్తున్నారు. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్ళు తిరగడం, భుజం కొసన పోటు, రక్తం కనిపించడం, వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా చూద్దాం అనకండి. అప్పటికప్పుడు ఆసుపత్రికి బయలుదేరండి.

యంత్రం కథలో ఒక చీకటి అధ్యాయం మన దేశంలోనే రాశాం. 1970ల్లో ఉమ్మనీటి పరీక్షతో, తరవాత స్కానుతో, ఆడపిల్ల అని తెలుసుకుని తీయించేయడం మొదలైంది. ఇప్పుడు కొన్ని వందలు ఖర్చు పెడితే రేపు కట్నం లక్షలు మిగులుతాయని బాహాటంగా ప్రకటనలు వేసిన రోజులున్నాయి. పుట్టిన ఆడపిల్లలను చంపడం గురించి 1986లో ఇండియా టుడే పత్రిక రాసినప్పుడు, ఆ వార్తలోని ఊరు ఎక్కడో ఉత్తరాన లేదు. మదురైకి పడమట ఉన్న ఉసిలంపట్టి. 1992లో తమిళనాడు ప్రభుత్వం ఊయల శిశువు పథకం తెచ్చింది. 1994లో పార్లమెంటు లింగనిర్ధారణను నిషేధిస్తూ చట్టం చేసింది. 1996 జనవరి 1 నుంచి అమలు, 2003లో ఇంకా గట్టి చేశారు. అయినా ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో దేశం మొత్తం మీద 945 ఉంటే 2001కి 927 అయ్యారు.

అందుకే స్కాను గదిలోకి వెళ్ళేముందు మీచేత ఒక ఫారం నింపించి, బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలని లేదని సంతకం పెట్టించుకుంటారు. దాన్ని మీమీద అనుమానం అనుకోకండి. ఎవరైనా బలవంతపెట్టి తీసుకొచ్చినా, ఆ కాగితం మీ పక్షాన ఉంటుంది. చట్టం కూడా, ఇంట్లోవాళ్ళ ఒత్తిడి మీదే స్త్రీ ఇలాంటి పరీక్షకు వచ్చిందని ముందుగా భావిస్తుంది. ఆరేడు వారాల స్కానులో ఆడా మగా అనేది ఎవరికీ కనిపించదు. కనిపించిందని చెవిలో చెప్పేవాడు నేరమూ చేస్తున్నాడు, అబద్ధమూ చెబుతున్నాడు.

ఇంకొక్క మాట. గుండె చప్పుడు వినిపించమని కొందరు అడుగుతారు. వినిపించడానికి వాడే డాప్లర్ శబ్దానికి బలం ఎక్కువ. తొలి వారాల్లో అవసరం లేకుండా దాన్ని వాడవద్దన్నది నిపుణుల మాట. గుండెను తెర మీద గీతగా చూపి, లెక్క చెబుతారు. అది చాలు. మామూలు స్కానులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. డాక్టరు అవసరమన్నప్పుడు తీయించుకుంటే బిడ్డకు హాని కలిగినట్టు ఇన్ని దశాబ్దాల్లో రుజువు కాలేదు.

స్కానుకు ముందే గ్రామ ఆరోగ్య నర్సు దగ్గర పేరు రాయించి పిక్‌మీ నంబరు తీసుకోండి. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఇచ్చే ప్రసూతి సాయానికి పన్నెండు వారాల లోపు నమోదు ముఖ్యం. 1927లో మద్రాసు శాసనమండలిలో కాలుపెట్టిన తొలి మహిళ ఆమె, స్వయంగా వైద్యురాలు.

ఇక కాగితం. జి.ఎస్. అంటే పిండపు సంచి, వై.ఎస్. అంటే సొనసంచి, సి.ఆర్.ఎల్. సంగతి చెప్పుకున్నాం, ఇ.డి.డి. అంటే కాన్పు తేదీ. నెలసరి లెక్కకూ తొలి స్కాను లెక్కకూ వారం మించి తేడా ఉంటే స్కాను తేదీనే పట్టుకుంటారు. తొమ్మిదో నెలలో, తేదీ దాటిందా లేదా, నొప్పులు తెప్పించాలా ఆగాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు డాక్టరు అడిగేది ఈ మొదటి కాగితాన్నే. దానితో ఇచ్చే బొమ్మ వేడికి నల్లబడే కాగితం మీద ఉంటుంది. కొన్నాళ్ళకు దానంతటదే వెలిసిపోతుంది. భద్రంగా ఉంటుందని లామినేషను చేయిస్తే ఆ వేడికి పూర్తిగా నల్లబడుతుంది. ఆ వారంలోనే జిరాక్సు తీయించి, రిపోర్టుతో కలిపి పెట్టుకోండి. ఫోనులో ఫొటో కూడా తీసి ఉంచండి.